అబ్బా అంటే పక్కకు

రోగిగారు అప్పటికే ఎడమకాలు విరగ్గొట్టుకోవడం పూర్తిచేసి, కుడి మోచేతి మీద కాలిన బొబ్బ తయారుచేసుకుంటున్నారు. కాలి పని తేలికే. మోకాలికీ చీలమండకీ మధ్య మైనం ముద్ద అతికించి, చుట్టూ నీలం, ఊదా రంగులు వేలితో పులిమి, కమిలినట్టు చేస్తే చాలు. బొబ్బకే ఓపిక కావాలి. పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, అంచులకు జిగురు రాసి, లోపల ఒక్క చుక్క సబ్బునీళ్లు వదిలి అతికించాలి. చుక్క ఎక్కువైతే మోచెయ్యి వంచగానే పగిలిపోతుంది. తక్కువైతే బొబ్బలా కాక చెమటకాయలా కనిపిస్తుంది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జారుతున్నా పట్టించుకోకుండా ఆయన ఆ చుక్క మీదే ధ్యాస పెట్టారు.

ఓడల్లో పనిచేసేవాళ్లకు వైద్యం నేర్పే కేంద్రం అది. రేవుకు పోయే రోడ్డు మీద, టైర్ల గోదామును ఆనుకుని ఉన్న రెండంతస్తుల మేడ. నడిసముద్రంలో డాక్టరుండడు. ఎవరికైనా జబ్బు చేస్తే ఓడ ఆఫీసర్లలోనే ఒకరు మందులపెట్టె తెరవాలి, రోగిని చూడాలి, చూసింది చూసినట్టు రేడియోలో ఒడ్డునున్న డాక్టరుకు చెప్పాలి, ఆయన చెప్పినట్టు చెయ్యాలి. ఆ పనికి ఇక్కడ మూడు వారాల చదువు. ఐదేళ్లకోసారి మళ్లీ వచ్చి రెండు రోజులు కూర్చుని పరీక్షకు నిలబడాలి. పరీక్ష పోతే ఓడ ఎక్కనివ్వరు.

రోగిగారు ఆ చదువులో రోగి. కాగితాల్లో ఆయన ఉద్యోగానికి ఇంకేదో పేరుంది గానీ ఆ పేరుతో ఆయన్ను పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. సన్నటి మనిషి, యాభై తొమ్మిదేళ్లు, పొడుగు మెడ, లెక్కపెట్టడానికి వీలైన పక్కటెముకలు. పొట్ట అనేది ఉండీ లేనట్టు వెన్నుకు అంటుకుని ఉంటుంది. ఆ పొట్టే ఆయనకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. "ఇలాంటి పొట్ట మళ్లీ దొరకదు, ఎక్కడ నొక్కితే ఏముందో చేతికి తెలుస్తుంది" అని సిస్టరమ్మ చూసిన రోజునే ఖాయం చేసుకుంది. సిస్టరమ్మ అంటే పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్లు వార్డులు నడిపి, రిటైరయ్యాక ఈ చదువు చెప్పడానికి వచ్చిన నర్సు. ఆవిడ ముందు ఓడ కెప్టెన్లు కూడా చేతులు కడుక్కుని నిలబడతారు.

అంతకుముందు రోగిగారు పంతొమ్మిదేళ్లు ఓడల మీద ఆఫీసర్లకు వడ్డించే పని చేశారు. అక్కడ ఆయన పేరు "ఏయ్". తొందరలో ఉంటే చిటికె. నలభై అయిదో ఏట కంపెనీ వాళ్లు మనుషుల్ని తగ్గించి ఒడ్డున దింపేస్తే, ఇక్కడికొచ్చి పడుకోవడం మొదలుపెట్టారు. ఇక్కడ మొదటి వారంలోనే ఎవరో నవ్వులాటకు "రోగిగారూ" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వెళ్తూ ఆ చివరి రెండక్షరాలూ పదిసార్లు అనుకున్నారు. జీవితంలో మొదటిసారి తనకు "గారు" తగిలింది.

ఇంట్లో ఆ మర్యాద లేదు. భార్య ప్యాంట్లు పొట్టి చేసే కుట్టుపని చేస్తుంది. సూది నోట్లో పెట్టుకుని కూడా వేళాకోళం ఆడగల మనిషి. ఆయనకు నిజంగా తలనొప్పి వచ్చి పడుకుంటే, "ఇది కార్డా, నిజమా?" అంటుంది. కార్డంటే సిస్టరమ్మ పొద్దున్నే ఇచ్చే అట్టముక్క. ఆ రోజు ఆయనకు ఏ జబ్బు, ఎక్కడ నొప్పి, ఏమడిగితే ఏం చెప్పాలో అందులో రాసి ఉంటుంది.

ఇవాళ్టి బ్యాచీ మళ్లీ పరీక్షకు వచ్చినవాళ్లు, పన్నెండుమంది. అంతా తెలిసిన ముఖాలే. ఒక్కొక్కరూ లోపలికొస్తూ "బాగున్నారా రోగిగారూ, ఒళ్లు జాగ్రత్త!" అని కన్నుగీటారు. ఒక్కడు మాత్రం గీటలేదు. ముప్ఫై నాలుగేళ్లుంటాయి, రెండో ఆఫీసరు, ఐదేళ్ల కిందట ఇక్కడే నేర్చుకుని వెళ్లినవాడు. అప్పట్లో తెగ వాగేవాడు, వెళ్లేరోజు ఆయన్ను కౌగిలించుకుని "మీ రుణం తీర్చుకోలేను" అన్నవాడు. ఇవాళ గుమ్మంలో ఎదురుపడితే తలొంచుకుని, గోడనానుకుని దాటిపోయాడు.

అప్పట్నుంచి రోగిగారికి మనసు మనసులో లేదు. అతనికి నా మీద కోపమా? నేనేం చేశాను? మరిచిపోయాడేమో. మరిచిపోతే తలెందుకు దించుకుంటాడు?

పొద్దుటి పని విరిగిన కాలికి బద్దలు కట్టడం. నలుగురు నలుగురుగా వచ్చి చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. రెండో ఆఫీసరు రెండో జట్టులో వచ్చాడు. కట్టు సుబ్బరంగా కట్టాడు, ముడి కూడా పక్కకు వేశాడు, ఎముకకు ఒత్తుకోకుండా. కానీ చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. "పెళ్లికొడుకు కాలు కూడా ఇంత భద్రంగా పట్టుకోరు బాబూ" అన్నారు రోగిగారు, నవ్వించుదామని. అతను నవ్వలేదు, తలెత్తలేదు. ఆయన కాలు దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది.

"విరిగిన కాలు అలా ఊపుతారటయ్యా ఎవరైనా? నొప్పి గుర్తుంచుకోండి కాస్త" అని సిస్టరమ్మ వెనకనుంచి అరిచింది.

ఆయన కాలు ఆపారు. కాసేపటికి వేళ్లు ఆడటం మొదలుపెట్టాయి. మోచేతి బొబ్బ పదింటికే పగిలింది. పద్నాలుగేళ్లలో ఎప్పుడూ పగల్లేదు.

ఇక్కడ ఆ "రుణం" సంగతి చెప్పాలి. మేడ మీద చెక్కలతో కట్టిన ఓడగది ఒకటుంది. గోడకు మందుల బీరువా, ఒక ఇరుకు మంచం, తలదగ్గర రేడియో ఫోను. పరీక్ష అక్కడే. ఒక్కొక్కరే లోపలికెళ్లి రోగిని చూసి ఫోనులో చెప్పాలి. అవతలి గదిలో సిస్టరమ్మ డాక్టరై కూర్చుంటుంది. మధ్య గోడకు కిటికీ పెట్టనివ్వలేదావిడ. ఒడ్డునున్న డాక్టరుకు ఓడ కనిపించదు కదా అని ఆవిడ వాదన. ఫోను మీద బటన్ నొక్కితేనే మాట అవతలికి పోతుంది, వదిలితే పోదు. అంటే రోగి మూలుగు లోపలున్న ఇద్దరికే వినిపిస్తుంది.

మొదటి ఏడాదిలో ఒకడు పరీక్షకొచ్చి, బెదురుతో ఆయన పొట్టంతా పిండి పిసికినట్టు పిసికేశాడు. ఒకచోట చిరాకు పుట్టి రోగిగారు "అబ్బా" అన్నారు. వాడు ఉలిక్కిపడి చెయ్యి జరిపాడు. జరిపిన చోటే కార్డులో రాసిన చోటు. "అమ్మా" అని ఆయన మూలిగారు, న్యాయంగా. వాడు పాసయ్యాడు. కిందికి దిగి స్నేహితులకు ఏం చెప్పాడో ఏమో, తరవాతి బ్యాచీలో ఒకడు మంచం దగ్గరికొచ్చి చెవిలో "మీ అమ్మా కోసమే వచ్చాం రోగిగారూ" అన్నాడు. అలా మొదలైంది. అమ్మా అంటే ఇక్కడే. అబ్బా అంటే పక్కకు. బ్యాచీ నుంచి బ్యాచీకి అది పాకిపోయింది. ఎముక విరిగినా అంతే, ఛాతీ నొప్పి అయినా అంతే. సిస్టరమ్మకు తెలియదు. ఈ మధ్య పిల్లలు చురుగ్గా ఉంటున్నారని ఆవిడ సంతోషపడేది.

దయతో చేస్తున్నానని ఆయన తనకు తాను చెప్పుకునేవారు. దయ లేకపోలేదు. ఇంటిదగ్గర పెళ్లాం బిడ్డలున్నవాళ్లు, ఓడ తప్పిపోతే ఏడాది కూర్చోవాల్సినవాళ్లు. కానీ అసలు మాట చెప్పాలంటే, ఒకప్పుడు తనను చిటికె వేసి పిలిచిన తెల్లచొక్కాల్లాంటి తెల్లచొక్కాలే తన మంచం పక్కన బిక్కమొహం వేసుకుని, తన నోట్లోంచి రాబోయే ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడతాయి. అది తియ్యగా ఉండేది. ఆ తీపి లేకపోతే పద్నాలుగేళ్లు చేసేవారా అన్నది ఆయనే చెప్పలేరు.

మధ్యాహ్నం భోజనాల వేళ రోగిగారు వెనక మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీశారు. రెండు ముద్దలు తిన్నారో లేదో, పైనుంచి అడుగుల చప్పుడు. రెండో ఆఫీసరు. రెండు మెట్ల పైన కూర్చున్నాడు.  గోదాములో ఎవరో టైర్లు ఒకదాని మీద ఒకటి విసురుతున్నారు.

"పొద్దున మీ మొహం చూడలేకపోయాను" అన్నాడు చివరికి. "చూస్తే చెప్పేస్తానని."

"ఏంటి బాబూ?"

"రెండేళ్ల కిందట మా ఓడలో ఫిట్టరుకి కడుపునొప్పొచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లు. మన భాషవాడే. ఒడ్డు చేరాలంటే ఐదు రోజులు. రేడియోలో డాక్టరుగారు పొట్ట నొక్కి చూడమన్నారు. నొక్కాను. కుడివైపు, కింద."

రోగిగారు ముద్ద డబ్బాలో పెట్టేశారు.

"అబ్బా అన్నాడు రోగిగారూ." అతని గొంతు మామూలుగానే ఉంది. అదే భయంగా ఉంది వినడానికి. "నా చెయ్యి పక్కకి జరిగిపోయింది. నేను జరపలేదు. ఒట్టు, నేను ఆలోచించనేలేదు. అబ్బా అంటే జరపాలి, అంతే. బొడ్డు దగ్గరికొచ్చింది చెయ్యి. అక్కడ అమ్మా అన్నాడు. నిజంగా వాళ్లమ్మనే పిలిచాడేమో. నేను డాక్టరుగారికి బొడ్డు దగ్గర నొప్పని చెప్పాను. కుడివైపేమీ లేదా అని రెండుసార్లు అడిగారాయన. ఏమీ లేదన్నాను, గట్టిగా. అజీర్తికి మందిమ్మన్నారు, ఇచ్చాను."

"తరవాత?"

"మూడో రోజుకి పొట్ట చెక్కలా అయిపోయింది. అప్పుడు ఓడ మళ్లించాం. వాడు ఇంకో పూట బతికి ఉంటే రేవు చేరేవాళ్లం." అతను మెట్టు అంచున ఊడుతున్న సున్నం గోటితో గీకాడు. "కుడివైపు వాచిన ఆ అపెండిక్సు పేగు ముందే పగిలిపోయిందట. జబ్బు ఆలస్యంగా బయటపడిందని కాగితాల్లో రాశారు. నేను కాదనలేదు. ఇద్దరు పిల్లలు వాడికి."

రోగిగారు డబ్బా మూత పెట్టేశారు. ఏదో అనాలి. నేను చెప్పానా ఓడ మీద కూడా అలాగే చెయ్యమని? పరీక్షలో ఒకటి, నిజం ఒకటి కాదూ? ఇవన్నీ నాలుక దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకంటే పద్నాలుగేళ్లుగా ఆయన చెప్పింది అదే. చెయ్యికి నేర్పింది అదే.

"మిమ్మల్ని అనడానికి రాలేదు" అన్నాడతను. "తప్పు నాది. కానీ ఇవాళ నాకు చెప్పకండి. ఎల్లుండి ఓడ. ఉద్యోగం కావాలి నాకు, అబద్ధమెందుకు. అయినా చెప్పకండి. పోతే పోనివ్వండి."

లేచి వెళ్లిపోయాడు. రోగిగారు కూడా లేచారు. మెట్లు దిగారు, మళ్లీ ఎక్కారు. కాలుగాలిన పిల్లిలా వరండా ఈ చివరనుంచి ఆ చివరకు తిరిగారు. లెక్క వెయ్యబోయారు. ఏడాదికి ఎన్ని బ్యాచీలు, బ్యాచీకి ఎంతమంది. మధ్యలో తప్పిపోయింది. వాళ్లలో ఇప్పుడు ఎంతమంది ఏయే సముద్రాల మీద, ఏయే పొట్టల మీద చెయ్యి పెట్టుకుని, ఏ మాట కోసం వింటున్నారో. ఆ ఆలోచనకు అంతు లేదు. కుళాయి దగ్గర కాళ్లూ ముఖం కడుక్కుంటే కమిలిన రంగు చేతికంటింది.

ఫోను మోగింది. భార్య. రోజూ ఈ వేళకు మిషను ఆపి చేస్తుంది.

"ఏమండీ, తిన్నారా? ఇవాళేం జబ్బు?"

"కడుపునొప్పి."

"కార్డా, నిజమా?"

ఆయన ఫోను చెవికి ఆనించుకునే వరండా మళ్లీ చుట్టబెట్టారు. అవతల ఆవిడ నవ్వు ఆగింది. "ఏమండీ? ఏమైంది? ఆయాసపడుతున్నారేంటి?"

"ఏం లేదు. ఇంటికొచ్చాక చెప్తాను" అని పెట్టేశారు.

మధ్యాహ్నం కార్డు నిజంగానే కడుపునొప్పి. ఆ కార్డు రాని పరీక్ష ఉండదు. నొప్పి నిన్న బొడ్డు దగ్గర మొదలై ఇవాళ కుడివైపు కిందికి దిగింది. తిండి సయించదు. ఒకసారి వాంతి. నొక్కితే నొప్పి, నొక్కిన చెయ్యి చటుక్కున తీస్తే ఇంకా నొప్పి. రోగిగారు మంచమెక్కి, మోకాళ్లు కాస్త మడుచుకుని, నుదుటి మీద నీళ్లు చిలకరించుకున్నారు. ఇవాళ ఎవరికీ చెప్పను, నోరు కుట్టేసుకుంటాను అనుకున్నారు.

మొదట వచ్చినవాడు భారీ మనిషి, మూడో ఆఫీసరు. వస్తూనే కన్నుగీటాడు. ఎడమవైపు నొక్కాడు. రోగిగారు పళ్లు బిగించారు. పళ్ల సందులోంచే "అబ్బా" వచ్చేసింది. అలవాటైన నోరు. చెయ్యి బొడ్డు దాటి కుడివైపుకు జరిగింది. "అమ్మా". అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. వాడు బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, గొప్ప డాక్టరులా చెప్పి, వెళ్తూ వెళ్తూ ఆయన భుజం తట్టాడు.

రెండోవాడికి నిజంగానే నోరు తెరవలేదు. వాడు నొక్కాడు, ఆగాడు, చుట్టూ చూశాడు. "రోగిగారూ, ఏమైంది? చెప్పండి" అని గొణిగాడు. ఇంకోచోట నొక్కాడు. "మా ఆవిడకి నెలలు నిండాయి, ఈ ఓడ తప్పితే కష్టం. చెప్పండి, ప్లీజ్." వాడి పై పెదవి మీద చెమట నిజం చెమట. రోగిగారు ఇక ఉండలేకపోయారు. "అమ్మా" అన్నారు. 

మూడోసారి తలుపు తెరుచుకుంది. రెండో ఆఫీసరు.

అతను కన్ను గీటలేదు. మంచం పక్కన నిలబడి బటన్ నొక్కి, రోగి మగమనిషి అని, వయసు యాభై తొమ్మిదని, నాడి ఎంతో, జ్వరమెంతో చెప్పాడు. ఫోనులో సిస్టరమ్మ గొంతు గరగరమంది. "పొట్ట నొక్కి చూడండి. ఎక్కడ నొప్పి ఉందో, ఎక్కడ లేదో చెప్పండి."

అతను బటన్ వదిలేశాడు. కళ్లు మూసుకున్నాడు. చల్లటి వేళ్లు వచ్చి కుడివైపు కింద, సరిగ్గా అక్కడే ఆనాయి. మెల్లగా లోపలికి దిగాయి.

కార్డు ప్రకారం ఇప్పుడు మూలగాలి. అమ్మా అంటే చెప్పినట్టు. అబ్బా అంటే పక్కకు నెట్టినట్టు. ఊరుకుంటే జబ్బే అబద్ధం. రోగిగారు నోరు తెరిచారు. "అ" అన్నారు. తరవాత ఏమనాలో తెలియలేదు. పద్నాలుగేళ్లు అదే పనిగా మూలిగిన మనిషికి మూలగడం రాలేదు.

అప్పుడు ఆయన అతని మొహంలోకి చూశారు. మూసిన కళ్లు, ఒక పక్కకు వంచిన తల. అతను వింటున్నాడు. అంతే, చెవి ఒక్కటే పనిచేస్తోంది. ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి పడితే కదలడానికి వేళ్లు సిద్ధంగా ఉన్నాయి. వద్దన్నవాడే, అయినా వింటున్నాడు. ఇంతకుముందొచ్చిన ఇద్దరూ అంతే. ఇన్నేళ్లూ అందరూ అంతే. ఈ మంచం మీద తన మొహంకేసి చూసినవాడు ఒక్కడు కూడా లేడని రోగిగారికి అప్పుడు తట్టింది. చూడాల్సిన అవసరం తనే లేకుండా చేశారు.

ఆయన అతని చెయ్యి పట్టుకుని పక్కన పెట్టి లేచి కూర్చున్నారు. రేడియో ఫోను అందుకుని బటన్ నొక్కారు.

"సిస్టరమ్మా, ఒకసారి ఇలా రండి. నేను. రోగిని."

ఆవిడ పరుగున వచ్చింది, నిజంగానే ఏదో అయిందనుకుని. వస్తూనే ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూడటం మొదలుపెట్టింది. "ఎక్కడ? ఛాతీలోనా?"

"కాదమ్మా. నాకేం కాలేదు. నేను చెప్పేది వినండి." ఆయన చెప్పారు. దాచకుండా, చుట్టూ తిప్పకుండా, మొదటి ఏడాది నుంచి ఇందాకటి ఇద్దరి దాకా. అమ్మా అంటే ఏమిటో, అబ్బా అంటే ఏమిటో. ఫిట్టరు సంగతి వచ్చేసరికి రెండో ఆఫీసరు అందుకుని తనే చెప్పాడు. గోడకు ఆనుకుని నిలబడి చెప్పాడు.

సిస్టరమ్మ మణికట్టు వదల్లేదు. వదలడం మరిచిపోయింది. వినడమయ్యాక మంచం అంచున చతికిలబడింది.

"ఎంతమంది?"

"లెక్క తెలీదమ్మా. మధ్యాహ్నం వేశాను. తేల్లేదు."

"నేను గోడకి అవతలే కూర్చున్నాను" అంది ఆవిడ. ఆ మాట ఆయనతో అన్నట్టు లేదు. "కిటికీ పెడదామని ఎన్నిసార్లు అడిగారు ఆఫీసువాళ్లు. నేనే వద్దన్నాను, గొప్పగా." కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడిచాక ఆవిడ గొంతు మళ్లీ వార్డుల్లో గొంతైంది. "సరే. అందరూ మళ్లీ చెయ్యాలి. అయిపోయినవాళ్లు కూడా. మీరు పడుకోండి."

"నా నోటికేదైనా ఇవ్వండమ్మా" అన్నారు రోగిగారు. "ఇది నా మాట వినదు. ఊరుకుందామనుకుంటూనే ఇందాక ఇద్దరికి చెప్పేశాను."

ఆవిడ మందుల బీరువా తెరిచి, కొత్త తువ్వాలొకటి తీసి, నాలుగు మడతలు వేసి ఇచ్చింది. ఆయన దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని పడుకున్నారు. "నేను అవతలే ఉంటాను. డాక్టరుకు ఓడ కనిపించదు. మీకు మాత్రం రోగి కనిపిస్తాడు" అని రెండో ఆఫీసరుతో చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

ఈసారి అతను కళ్లు తెరిచే ఉంచాడు. ఎడమవైపు పైన నొక్కి ఆయన మొహంకేసి చూశాడు. ఏమీ లేదు. ఎడమవైపు కింద. ఏమీ లేదు. బొడ్డు పక్కన. కనుబొమలు కాస్త దగ్గరయ్యాయి. అతను అక్కడే ఆగి, సరిపోతుందా అని ఆలోచించి, ఇంకా చూడాలనుకున్నట్టు చెయ్యి కుడివైపు కిందికి తెచ్చాడు. నెమ్మదిగా దించాడు. రోగిగారి కాలివేళ్లు ముడుచుకున్నాయి. చటుక్కున తీశాడు.

ఆ క్షణంలో రోగిగారికి నటించాల్సిన పని లేకపోయింది. ముఖం తెలియని ఒక మనిషి, ఎక్కడో నీళ్ల మధ్య, ఇలాంటి ఇరుకు మంచం మీద నొప్పి ఉన్నచోటే చెయ్యి పడ్డాక, అమ్మయ్య దొరికింది అనుకుని ఉంటాడు. ఆ చెయ్యి జరిగిపోతుంటే ఏమనుకున్నాడో. తువ్వాలు పళ్ల మధ్య నలిగింది. కళ్లలోంచి నీళ్లు రెండు వైపులా చెవుల్లోకి కారాయి.

రెండో ఆఫీసరు బటన్ నొక్కాడు. "డాక్టరుగారూ, కుడివైపు కింద. నొక్కితే ఉంది, తీస్తే ఇంకా ఎక్కువ." ఆగాడు. "రోగి ఏడుస్తున్నాడు డాక్టరుగారూ. నోటితో ఏమీ అనట్లేదు. అయినా చాలా నొప్పి ఉంది."

 "ఖాయమేనా?" అంది అవతలి గొంతు.

"ఖాయం. నేను చూస్తున్నాను."

మిగతావాళ్లంతా ఒక్కొక్కరే వచ్చారు. సాయంత్రం అయిదింటికి పన్నెండుమందిలో ఏడుగురు తప్పారు. నెలలు నిండిన భార్య ఉన్నవాడు మూడుసార్లు చూసి, నాలుగోసారి పట్టుకుని గట్టెక్కాడు. భారీ మనిషి గట్టెక్కలేదు. మెట్ల దగ్గర గోడను కాలితో తన్నాడు. "వీడికేం పోయేకాలం వచ్చింది? అందరి నోట్లో మట్టికొట్టాడు" అన్నాడు, వినపడాలనే. ఎవరూ అతన్ని వారించలేదు. రోగిగారు విన్నారు. గారు పోయింది, ఇక రాదు అనుకున్నారు. అది మరీ అంత బాధగా లేకపోవడం ఆయనకే వింతగా ఉంది. బాధ ఉన్నచోటు వేరు.

రెండో ఆఫీసరు వెళ్లేముందు మంచం దాకా వచ్చాడు. చెయ్యి కలుపుదామా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. చివరికి ఆయన నుదుటి మీద చల్లుకున్న నీళ్లు రుమాలుతో తుడిచి వెళ్లిపోయాడు.

ఆయన కుళాయి దగ్గర కూర్చుని కాలి మైనం ఊడదీసుకున్నారు, ఊదారంగు సబ్బుతో రుద్ది కడుక్కున్నారు. ఎంత కడిగినా చీలమండ దగ్గర కాస్త మిగిలింది. సిస్టరమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఆఫీసుకి రాయాలి. పాత రిజిస్టర్లు తీసి, వెళ్లినవాళ్లందరికీ ఉత్తరాలు రాయాలి" అంది. "మిమ్మల్ని రావద్దనడానికి నాకు నోరు రావట్లేదు. రమ్మని అనడానికీ రావట్లేదు."

"రానమ్మా. ఎవరు పడుకున్నా పరవాలేదు, నేను పడుకోకూడదు." ఆయన లేచి మడిచిన ప్యాంటు కాలు చీలమండ దాకా దించుకున్నారు. "ఉత్తరంలో ఒక్క మాట రాయండి. రోగి ఏమన్నా అది నొప్పేనని. ఏమన్నా సరే. ఏమీ అనకపోయినా సరే."

ఆవిడ తలూపింది. ఇంకేదో అనబోయి, "చీలమండ దగ్గర రంగుంది" అంది.

"ఇంటిదగ్గర పోగొట్టుకుంటాలెండి. మా ఆవిడకి ఎటూ అంతా చెప్పాలి."

డబ్బా సంచిలో పెట్టుకుని రోగిగారు మెట్లు దిగారు. రోజూలా గుమ్మం దగ్గర ఆగి చేతులు ఊపలేదు. టైర్ల గోదాము పక్కనుంచి, ఎండ ఇంకా తగ్గని రోడ్డు మీద, కాస్త వడివడిగా, ఎవరో వెనకనుంచి పిలుస్తారని భయపడుతున్నట్టు నడిచారు. ఎవరూ పిలవలేదు. మలుపు దగ్గర లారీ ఒకటి అడ్డొచ్చింది. అది దాటాక ఆయన కనిపించలేదు.

సిస్టరమ్మ మేడ మీద ఓడగది తాళం వెయ్యడానికి వచ్చి, దుప్పటి సర్దబోయి ఆగింది. దిండు పక్కన నాలుగు మడతల తువ్వాలు ఉంది, ఇంకా తడిగా, పైపళ్లూ కిందిపళ్లూ దిగబడి మడత మడతకూ చిల్లులు పడి.